గోడకు తాగించిన ఊట

ఒక్క మధ్యాహ్నం పూట రెండు డ్రమ్ముల నీళ్లు పారబోసి, ఒక ముసలి మేస్త్రీ పరువునూ మా పేట మ్యూజియాన్నీ ముప్పై ఏళ్లుగా నేను కూడబెట్టుకున్న మంచిపేరునూ ఒకే కాలవలో కలిపిన ఘనురాలిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, చదవండి. అప్పుడు నాకు అరవై నాలుగేళ్లు. అంటే లోకం తెలియని పడుచు వయసు. ఇప్పుడు డెబ్బై దాటాను కాబట్టి ఆ పిల్లదాన్ని నాలుగు మాటలనే హక్కు నాకుంది.

మాది కర్నూలు. తుంగభద్ర ఒడ్డున పుట్టీల పేట. ఒకప్పుడు జనాన్ని గుండ్రటి పుట్టిలో కూర్చోబెట్టి ఏరు దాటించేవాళ్లు ఇక్కడే ఉండేవారు. వాళ్ల కోసమని ఎవరో దొరసాని గట్టు మీద రాతితో ఒక చిన్న చర్చి కట్టించి పోయింది. సముద్రం ఒడ్డున కూడా ఇలాంటి చర్చిలు ఉంటాయట, అలలు వచ్చి వాటి మెట్లు కడుగుతాయట. మా విమలా టీచరమ్మ చెప్పింది. మా ఏరు మెట్లు కడగడం మాట దేవుడెరుగు, ఎండాకాలం దాని మొహం అది కడుక్కోవడానికే నీళ్లు చాలవు.

పెద్ద రోడ్డు మీద కొత్త చర్చి లేచాక ఈ చిన్నది మూతబడి పావురాల పాలైంది. టీచరమ్మ పెళ్లి అందులోనే జరిగింది. రిటైరయ్యాక ఆమెకు ఊరికే కూర్చోబుద్ధి కాలేదు. చర్చి పెద్దలను ఒప్పించి, దాన్ని బాగు చేయించి, పేట చరిత్ర మ్యూజియం పెడతానని బయలుదేరింది. చర్చి మా ఇంటి పక్కనే కాబట్టి మొదటి కబురు నాకే వచ్చింది.

“లక్షుమక్కా, మన పేటకు శానా చరిత్ర ఉండాది.”

“ఉంటే ఉండనీలే టీచరమ్మా. దానికి కరెంటు బిల్లు ఎవురు కట్టల్ల?”

“ముందు వాచ్‌మన్‌ను పెట్టుకోవాల.”

“వాచ్‌మన్ను పెట్టి వానికి జీతమిచ్చేదా? నేను యాడికి పోయినాను? తాళంచెవి ఇట్లియ్యి.”

అలా ఆ తాళంచెవి మా బియ్యం గది తాళంచెవి పక్కన నా కొంగుకు చేరింది. వాచ్‌మన్ జీతం మిగిల్చానని నేను నెల రోజులు మురిసిపోయాను. కంచె చేను మేస్తే అంటారే, మా పేటలో కంచె చేనంతా పీకి ఎండబెట్టింది కూడా.

పని చేసేది మస్తాన్ మేస్త్రీ. అరవై ఏళ్ల మనిషి, సున్నం పనిలో చెయ్యి తిరిగినవాడు. ఆ చర్చి గోడలకు తొలిపూత పూసింది వాళ్ల తాతేనట. పాత పూత పెచ్చు ఒకటి ఊడితే దాని మీద వేలి ముద్రలున్నాయి. అది చేతిలో పట్టుకుని మస్తాను ఒక పూట పని చేయలేకపోయాడు. మూడు గోడలు అద్దంలా చేశాడు. మిగిలింది ఒక్కటే, పూర్వం శిలువ ఉండే పెద్ద గోడ. పేట పాత ఫోటోలన్నీ దాని మీదే తగిలించాలి.

పని చూడ్డానికి వచ్చే ఇంజనీరుకు మాత్రం సున్నమంటే నమ్మకం లేదు. “ఈ కాలంలో సున్నమేంది మేస్త్రీ? శనివారం సాయంత్రం వస్తా. అప్పటికి ఆ గోడ పూత కాకపోతే ఆదివారం నా మనుషులొచ్చి సిమెంటు కొట్టేస్తారు. మళ్లీ నన్ను అడగొద్దు” అని తేల్చి చెప్పాడు.

మస్తాను నాతో వాపోయాడు. “సిమెంటు కొడితే లోపలి రాయికి ఊపిరాడదక్కా. నాలుగేండ్లకు పెచ్చులూడి కింద పడతాది. మా తాత పని మింద నా చేతుల్తో సిమెంటు ఎట్ల పూయల్ల?”

“పూయొద్దులేప్పా. శనివారం లోపల కానియ్యి” అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానంటే, గోడకు అడ్డం పడుకుంటాననేంత ధైర్యంగా.

ఇంతలో రాయచోటిలో అతని చెల్లెలి కూతురి పెళ్లి. సోమవారం బయలుదేరుతూ నా దగ్గరికి వచ్చాడు.

“శుక్రవారం పొద్దున్నకు ఈడుంటానక్కా. వెనక గది మాత్రం తెరవొద్దు. పిల్లోళ్లను గూడా రానియ్యొద్దు.”

“ఏముండాదప్పా అందులో?”

“ఏమీ లేదులేక్కా, నా సరుకు” అని బస్సుకు టైమైందని పరుగెత్తాడు.

అయ్యా, అమ్మా, మీరే న్యాయం చెప్పండి. ‘ఏమీ లేదు, తెరవొద్దు’ అని నాలాంటి మనిషికి చెప్పవచ్చా? పిల్లికి పాలగిన్నె చూపించి ఏకాదశి అని చెప్పినట్టు కాదూ?

అయినా మూడు రోజులు నిగ్రహించుకున్నాను. గురువారం మధ్యాహ్నం ఎండకు రాళ్లు మాడుతుంటే, ఆ వెనక గది కిటికీలోంచి ఒక వాసన వచ్చింది. తియ్యగా, పుల్లగా, ముక్కుకు గాలం వేసినట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే ఆ వాసన నాకు బాగా తెలుసు.

మా పుట్టిల్లు బేతంచెర్ల అవతల ఒక కొండవంక పల్లె. నేను పెళ్లయి కర్నూలు రాకముందూ, వచ్చాకా కూడా అక్కడ ముళ్లపొదల చాటున సారా కాచేవాళ్లు. బెల్లం నీళ్లలో తుమ్మచెక్క వేసి, మూత పెట్టి పులియబెడతారు. అదే ఊట. పులిసిన ఊటను కాస్తే సారా. అప్పటికి ముప్పై ఏళ్ల కిందట ఆడవాళ్లమంతా రోకళ్లు పట్టుకుని పోయి ఆ ఊట కుండలు పగలగొట్టాం. అందరికంటే ముందు నా రోకలి. అందులో మొదటి కుండ ఎవరిదనుకున్నారు? నా సొంత అన్న కొడుకు ఓబులేసుది. వాడు ఆ పని మానలేదు, ఆ రోజు నుంచి వాడికీ నాకూ మాటల్లేవు. ఆ పల్లెలో ఇప్పటికీ పిల్లలు అన్నం తినకపోతే నా పేరు చెప్పి బెదిరిస్తారని వినికిడి.

అలాంటి నేను కాపలా ఉన్న చోట, దేవుడి ఇంట్లో, ఊట!

తాళం తీశాను. రెండు నీలం డ్రమ్ములు. మూత తీస్తే గుప్పుమంది, మీద నురగ. “ఓరి మస్తానూ, నమాజు తప్పని మనిషివి, నువ్వా!” అనుకున్నాను. కొంగు నడుముకు చుట్టాను. రోకలి కోసం ఇంటికి పోబోయి ఆగాను. డ్రమ్ము పగలగొడితే ఎవరికి నష్టం? పాపం చేసింది ఊటే కానీ డ్రమ్ము కాదు కదా. కాబట్టి బకెట్టుతో తోడి పెరటి కాలవలో పోశాను. తోడి తోడి నడుము పట్టేసింది. పక్కింటి మేకపోతు వచ్చి కాలవలో మూతిపెట్టి కడుపారా తాగి, గోడకు మర్యాదగా ఒక నమస్కారం పెట్టి, సాయంత్రం దాకా అక్కడే పడుకుంది.

డ్రమ్ముల అడుగున ఏమున్నాయో తెలుసా? పగలగొట్టిన కరక్కాయలు. ఒక్క క్షణం నాకు అనుమానం రావాలి. సారాలో కరక్కాయ ఎవరైనా వేస్తారా? రాలేదు. వచ్చిందల్లా ఒకటే ఆలోచన: ‘అయ్యో, ఇన్ని కరక్కాయలు దండగ చేశారే, దగ్గుకు బుగ్గన పెట్టుకోవచ్చే!’ కడిగి మిద్దె మీద పాత చీర పరిచి ఎండబోశాను. డ్రమ్ములు చింతపండుతో తోమి మా ఇంటికి దొర్లించి మంచినీళ్లు పట్టాను. ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపట్టిందో చెప్పలేను. మూర్ఖులకు నిద్ర బాగా పడుతుంది.

శుక్రవారం పొద్దున్నే మస్తాను పెళ్లి లడ్డూల పొట్లంతో వచ్చాడు. పొట్లం నా చేతికిచ్చి వెనక గదిలోకి పోయాడు. వెంటనే బయటికి వచ్చాడు.

“అక్కా, నా నీళ్లు యాడ?”

“ఏం నీళ్లప్పా?” అన్నాను, కళ్లు ఎర్రజేసి. “నీళ్లంటావా వాటిని? ఇంత వయసొచ్చినాంక సిగ్గులేదా? కాలవలో పోసినా. పో, పోలీసులకు చెప్పుకోపో!”

అతను నన్ను చూశాడు. కాలవను చూశాడు. మెట్ల మీద కూలబడ్డాడు.

“అవి గోడ నీళ్లక్కా” అన్నాడు మెల్లగా. “బెల్లమూ కరక్కాయా పన్నెండు దినాలు నాననేసినా. సున్నంలో ఆ నీళ్లు కలిపితేనే పట్టుకుంటాది. మంచినీళ్లు కలిపితే గోరు తగిల్తే రాలిపోతాది. మా తాత కాడినుంచి ఇట్లనే.”

పొట్లం నా చేతిలోంచి జారింది. (లడ్డూలు పగల్లేదు, తర్వాత ఏరుకున్నాను.)

“మల్లా నానెయ్యకూడదా అప్పా? బెల్లం నేనిస్తా.”

“పన్నెండు దినాలక్కా! ఇంజనీరు వచ్చేది రేపు సాయంత్రం.”

టీచరమ్మ పరుగున వచ్చింది. సంగతి విని ఏడ్చేదో నవ్వేదో తేల్చుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంది. మస్తాను మాత్రం ఒక్క తిట్టు తిట్టలేదు. తిడితే బాగుండేది. తాపీ తీసి, కడిగి, గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను ఆ సంచి లాక్కున్నాను.

“ఆగప్పా” అన్నాను. “పులిసిన బెల్లం నీళ్లే గదా కావాల్సింది?”

“అవునక్కా. కానీ రేపటికల్లా పులిసిన బెల్లం నీళ్లు ఎవరి కాడ ఉంటాయి?”

ఎవరి దగ్గర ఉంటాయో నాకు తెలుసు. ఆ పేరు నోటికి రావడం మాత్రం తేలు కుట్టిన దొంగకు కేక పెట్టినంత కష్టమైంది. కుండ పగలగొట్టనేల, కుండ అడుక్కోనేల!

మ్యూజియం నేలకు బండలు తెచ్చే లారీ ఆ మధ్యాహ్నమే బేతంచెర్లకు పోతోంది. టీచరమ్మ ఇంట్లోని నాలుగు పాల క్యానులు వేసుకుని నేనూ మస్తానూ డ్రైవరు పక్కన ఎక్కాం. దారి పొడవునా నేను నోరు తెరవలేదు. “అక్క గమ్మునుంటే లారీ గూడా భయపడతాండాది” అన్నాడు మస్తాను. అంత బాధలోనూ మనిషి ఎలా నవ్వించాడో చూడండి.

పొద్దు వాలకముందే ఆ కొండవంక పల్లె చేరాం. ఓబులేసు ఇంటి ముందు మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నన్ను చూడగానే ఎగిరి లేచి పెరట్లోకి పరుగు తీశాడు.

“ఒరేయ్, ఆగరా! నేను రోకలి తేలేదు!”

“అట్లయితే ఎందుకొచ్చినావత్తా?” కంపచెట్టు వెనక నుంచి గొంతు మాత్రమే వచ్చింది.

“ఊట కావల్ల.”

కంప కదిలింది. తర్వాత తల బయటికి వచ్చింది. “ఏం కావల్ల?”

“ఊట రా! చెవుడొచ్చిందా? నాలుగు క్యాన్ల ఊట!”

వాడు నేల మీద పడి దొర్లి నవ్వాడు. వీధిలో ఆడవాళ్లంతా వచ్చి నిలబడ్డారు. అందులో నాతో పాటు రోకలి పట్టినవాళ్లు ఇద్దరున్నారు. మస్తాను సంగతంతా చెప్పాడు. ఓబులేసు కళ్లు తుడుచుకుని మనిషయ్యాడు.

“యూరియా గిరియా కలిపినావా నాయనా?” అని అడిగాడు మస్తాను. “కలిపింటే సున్నం చెడిపోతాది.”

“మేస్త్రీ! ఆ మాట అనొద్దు. బెల్లం, తుమ్మచెక్క, నీళ్లు. మా అత్త కుండ పగలగొట్టిన దినం నుంచి తప్పుడు సరుకు ముట్టుకోలే.”

మస్తాను వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూశాడు. సన్నని తీగ సాగింది. “తుమ్మచెక్క గూడా సున్నానికి మేలే. బాగుండాది” అన్నాడు.

“దుడ్లు ఎంతరా?” అన్నాను.

“నాకు దుడ్లొద్దు. అత్త ఒక్క మాట అనల్ల. అందురూ వింటుండంగా. ‘మా ఓబులేసు ఊట మంచిది’ అనల్ల.”

పెళ్లిలో మొగుడి పేరు చెప్పమన్నప్పుడు కూడా నేను అంత కష్టపడలేదు. వీధంతా చూస్తోంది. మస్తాను తలొంచుకుని చేతి గోళ్లలోని సున్నం తీసుకుంటున్నాడు. ఆ గోళ్లు చూసి అన్నాను.

“మా ఓబులేసు ఊట మంచిది.”

“గట్టిగా, అత్తా!”

“మా ఓబులేసు ఊట మంచిది రా, నీ మొహం మండ!”

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. వాడు వచ్చి నా కాళ్లకు దండం పెట్టాడు. ముప్పై ఏళ్ల తర్వాత వాడింట్లో అన్నం తిన్నాను. పప్పులో ఉప్పు ఎక్కువైంది, ఆ మాట కూడా చెప్పాను.

శనివారం పొద్దున్నే బండల లోడుతో తిరుగు ప్రయాణం. కర్నూలు పొలిమేరలో ఎక్సైజు కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. కుర్రవాడు, నూనూగు మీసం. క్యాను మూత తీసి వాసన చూసి అదిరిపడ్డాడు.

“ఏందవ్వా ఇది?”

“బెల్లం నీళ్లు.”

“ఎవురికి?”

“గోడకు.”

“గోడ తాగుతాదా?”

“మనుషులకంటే నిదానంగా తాగుతాది నాయనా. తాగి పెండ్లాన్ని గూడా కొట్టదు.”

“ఎగతాళొద్దవ్వా. ఇది ఊట. ఎవురి కాడ తెచ్చినారు?”

మస్తాను నా వైపు చూశాడు. ఓబులేసు పేరు చెబితే వాడు జైలుకు. ముందు రోజు పొద్దున నేనైతే సంతోషంగా చెప్పేదాన్నే. కానీ వాడి ఉప్పు తిన్నాను, అదీ మామూలు కంటే ఎక్కువ ఉప్పు.

“నాదే” అన్నాను.

“నువ్వు కాసినావా?”

“నేనే. ఈ మేస్త్రీకీ డ్రైవరుకూ ఏమీ తెలీదు. నన్ను తీసుకపో.”

కానిస్టేబులు నా నుదుటి విభూతిని, కొంగున వేలాడే తాళాల గుత్తిని చూసి తల గోక్కున్నాడు. చివరికి అతనూ లారీ ఎక్కి, గోడ ఎక్కడుందో చూపించమన్నాడు. చర్చికి వచ్చి, మూడు గోడలు తడిమి చూశాడు. మస్తాను తాత వేలిముద్రల పెచ్చు చూశాడు. బయటికి పోయి ఫోనులో పైవాళ్లతో మాట్లాడి వచ్చాడు.

“అవ్వా, నీ వయసు చూసి కేసొద్దన్నారు. కానీ రూలు రూలే. దొరికిన ఊటను మా కండ్ల ముందర ధ్వంసం చేయాల. మట్టిలో పోయించమన్నారు.”

టీచరమ్మ గోడకు ఆనుకుంది. మస్తాను మళ్లీ సంచి వైపు చూశాడు. నేను పోయి క్యాన్లకు అడ్డం నిలబడ్డాను. అప్పుడు మస్తానే నోరు విప్పాడు.

“సార్, ధ్వంసమంటే ఏంది? మల్లా సారాకు పనికి రాకూడదు, అంతే గదా?”

“అంతే.”

“సున్నంలో పోస్తే?”

“సున్నంలో పోస్తే మల్లా సారా తీయొచ్చా?”

“ఏడు జన్మలెత్తినా తీయలేరు సార్.”

కానిస్టేబులు ఇసుక కుప్పను, సున్నాన్ని, మా ముగ్గురి మొహాలను వరసగా చూశాడు. “సున్నం గూడా మట్టి మాదిరిదే గదా” అని తనకు తాను చెప్పుకున్నట్టు గొణిగి, “కానియ్యండి. చివరి చుక్క దాకా నా కండ్ల ముందరే కావల్ల” అన్నాడు.

ఇక చూడండి! నేను మిద్దె మీది కరక్కాయలన్నీ తెచ్చి దంచి వేడినీళ్లలో వేసి పిండాను. కక్కుర్తి పడి దాచినవి అక్కరకొచ్చాయి. మస్తానూ అతని ఇద్దరు కూలీలూ అదంతా సున్నంలో కలిపి, గోడ తడిపి పూత మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి కానిస్టేబులు టోపీ తీసి కిటికీలో పెట్టి, ధ్వంసం త్వరగా కావాలని తానే బకెట్లు అందించసాగాడు. పూత అయిపోయాక ఒక కాగితం రాసి నా ముందు పెట్టాడు. ‘నా ఊట నా సమక్షంలో ధ్వంసమైనది’ అని దాని సారాంశం. మూడో తరగతి చదువుతో నేర్చుకున్న సంతకం దాని కింద పెట్టాను. మా అయ్యవారు చూసుంటే బెత్తం విరిగేది.

సాయంత్రం ఇంజనీరు వచ్చాడు. తడి గోడ పక్కన యూనిఫారంలో నిలబడిన మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఏందిది టీచరమ్మా? గోడకు కాపలా పెట్టించినారా?”

టీచరమ్మ జీవితంలో అబద్ధం ఆడని మనిషి. అబద్ధం ఆడకుండానే చెప్పింది. “విలువైన సరుకు పడింది సార్ ఇందులో. పొద్దున్నుంచీ కదల్లేదు ఆయన.”

ఇంజనీరు, ఉదయం మస్తాను పూసిన మూల దగ్గరికి పోయి గోరుతో గీకాడు. రాలలేదు. అరచేత్తో నిమిరాడు. మరోసారి నిమిరాడు. “ఇంత పట్టు ఎట్లొచ్చింది మేస్త్రీ?”

మస్తాను నోరు తెరిచేలోగా కానిస్టేబులే అన్నాడు. “కల్తీ లేదు సార్. నేను చూసినా.”

“సరే, సిమెంటు వద్దులే” అన్నాడు ఇంజనీరు. మస్తాను సంచిలోంచి గుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు.

మ్యూజియం తెరిచిన రోజు ఓబులేసు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పుట్టి తెడ్లు చూడలేదు, ఫోటోలు చూడలేదు. తిన్నగా ఆ గోడ దగ్గరికి పోయి, మెడలో దండలున్న పెద్దమనుషులందరికీ వినపడేలా, “ఇది మా అత్తదీ నాదీ” అని చాటాడు.

“ఇట్ల గోడలకే ఊట అమ్ముకోని బతకలేవురా?” అన్నాను చెవిలో.

“గోడలైతే తాగి తన్నుకోవు. మేలే అత్తా, ఆలోచన చేస్తా” అన్నాడు. చేస్తూనే ఉన్నాడు. ఆరేళ్లయింది.

ఆ సాయంత్రం జనం పోయాక నేనొక్కదాన్నే ఆ గోడ ముందు నిలబడి, దాని మీద కుడిచెయ్యి పెట్టి ఒట్టు వేశాను: ‘ఈ జన్మలో పరుల డ్రమ్ము మూత తీయను. ఏ వాసన వచ్చినా, ముందు మనిషిని అడిగి తర్వాతే తిడతాను. తథాస్తు.’

ఆ ఒట్టు ఇప్పటిదాకా నిలబెట్టుకున్నాను. ఒకటే బెంగ. దానికి సాక్షి ఆ గోడ ఒక్కటే. తాగి ఉన్న మనిషి సాక్ష్యం ఏ పంచాయితీలోనూ చెల్లదంటారు. నాలుగు క్యాన్లు తాగిన గోడదైతే చెల్లుతుందో లేదో, చదువుకున్నవాళ్లు మీరే చెప్పాలి.